లక్ష డాలర్ల హెచ్‌1బి: నేను అమలాపురంలో ఉన్నాను, ఇప్పుడేం చేయాలి?

గోదారిగట్టు
2025 సెప్టెంబరు 20, శనివారం, ఉదయం 6:10 (టైమ్‌లన్నీ ఇండియావే)

నాన్న సంవత్సరీకానికి వచ్చాను. నిన్ననే అయింది. తెల్లారగట్ల నాలుగున్నరకి మొదలైన ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. తేలిందేమిటంటే, ట్రంప్ శుక్రవారం ఓవల్ ఆఫీసులో ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలో అడుగు పెట్టాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టి ఉండాలట. మన డబ్బులో 88 లక్షలు. అక్కడ శనివారం అర్ధరాత్రి దాటిన ఒక్క నిమిషానికి అమలు, అంటే మనకి ఆదివారం ఉదయం 9:31. పక్కన నిలబడ్డ వాణిజ్య మంత్రి లట్నిక్ అయితే "ఏటా" అన్నాడు.

మా కంపెనీ లాయరు పంపిన మెయిల్ రెండు లైన్లు. బయట ఉన్నవాళ్లు గడువులోగా వచ్చేయండి, లోపల ఉన్నవాళ్లు కదలకండి. మైక్రోసాఫ్ట్, అమెజాన్, జేపీ మోర్గాన్ కూడా తమ వాళ్లకి ఇదే చెప్పాయని వార్తల్లో వస్తోంది.

నా వీసా స్టాంపు 2027 దాకా ఉంది. గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140 అప్రూవ్ అయింది, ప్రయారిటీ డేట్, అంటే ఆ క్యూలో నా తేదీ, 2016 అక్టోబరు. భార్య, పాప ప్లేనోలో ఉన్నారు. వెళ్లాలా, ఆగాలా? అమ్మ అప్పుడే నిన్నటి గారెలు పేపర్లో చుట్టేస్తోంది. నేనింకా టికెట్టే కొనలేదు.

రూల్‌బుక్
సెప్టెంబరు 20, ఉదయం 6:32

ప్రకటన మొత్తం రెండుసార్లు చదివాను. ఏటా అన్న మాట అందులో లేదు. అది మంత్రిగారు నోటితో అన్నదే. ఇంకో సంగతి, కొత్త పిటిషన్లకి మాత్రమే అని కూడా ఎక్కడా తేటగా రాయలేదు. "ప్రవేశం" అని రాశారు. అందుకే లాయర్లు హడలిపోతున్నారు. వాడింది వలస చట్టంలోని 212(ఎఫ్). 2017లో కొన్ని దేశాల వాళ్లని ఆపింది ఆ సెక్షన్‌తోనే. 2018లో సుప్రీంకోర్టు దానికి సరే అంది. కాబట్టి సోమవారానికల్లా ఏదో ఒక కోర్టు కొట్టేస్తుందని మాత్రం అనుకోకండి.

పన్నెండు నెలల గడువు పెట్టారు, పొడిగించుకోవచ్చు. దేశ ప్రయోజనం పేరుతో హోంల్యాండ్ సెక్యూరిటీ ఎవరినైనా మినహాయించవచ్చు.

వెళ్లాలనుకుంటే అబుదాబి మీదుగా చూడండి. అమెరికా ఇమిగ్రేషన్ ఆ ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది. అక్కడ పడే స్టాంపు గడువు లెక్కకి చాలుతుందా లేదా మీ లాయరునే అడగండి. నేను లాయరుని కాను, పేరు చూసి మోసపోవద్దు.

పల్నాటిపౌరుషం
సెప్టెంబరు 20, ఉదయం 7:05

ఎందుకండీ ఇంత టెన్షన్? 2020 జూన్‌లో ఇదే పెద్దమనిషి హెచ్‌1లు మొత్తం ఆపేస్తున్నానన్నాడు. అక్టోబరులో కాలిఫోర్నియా కోర్టు ఒకటి పెద్ద వ్యాపార సంఘాల్లోని కంపెనీలకి వర్తించదు పొమ్మంది. ముందు అరుస్తాడు, తర్వాత వెనక్కి తీసుకుంటాడు. రెండు లక్షలు పెట్టి టికెట్ కొని ఎయిర్‌లైన్స్ వాళ్లని మేపకండి. ఇంకో రెండు రోజులు అమ్మ దగ్గరుండి గారెలు అక్కడే తినండి.

ఓరుగల్లు_రాణి
సెప్టెంబరు 20, ఉదయం 8:40

నాది వేరే కథ. హ్యూస్టన్‌లో ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకునే పర్మిట్ మీద ఉన్నా. మూడేళ్లలో మూడు హెచ్‌1 లాటరీలు అయినయ్, ఒక్కదాంట్లో కూడా పేరు రాలేదు. సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకి ఆ పర్మిట్ మీద ఇచ్చే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ వచ్చే జులైకి అయిపోతది. మార్చిలో ఇంకొక్క ఛాన్స్. నా జీతం ఏడాదికి 78 వేలు. ఆ జీతానికి మనిషిని పెట్టుకోవడానికి ఏ కంపెనీ లక్ష కడతది? బాపు ఎకరంన్నర బ్యాంకులో పెట్టి పంపిండు. రేపు ఎంగిలిపూల బతుకమ్మ. ఇక్కడ మాకు గునుగు పువ్వు దొరకదని మా అమ్మ ఏటా ఎండబెట్టి పార్సిల్ పంపుతది. డబ్బా నిన్ననే వచ్చింది, ఇంకా విప్పలే.

గోదారిగట్టు
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 1:15

శంషాబాద్‌లో ఉన్నాను. లక్షా తొంభై రెండు వేలు, వన్‌వే. లాయరు మళ్లీ అదే మాట చెప్పాడు, నాకు ధైర్యం చాలలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయ్ విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు వార్త చూసి దిగిపోతామన్న వీడియో చూశారా? దిగేవాళ్లు దిగొచ్చని కెప్టెనే మైకులో చెప్తున్నాడు. వాళ్లు ఇటు రావడానికి భయపడుతున్నారు, నేను అటు పరిగెడుతున్నాను.

రూల్‌బుక్
సెప్టెంబరు 21, ఆదివారం, ఉదయం 5:50

వివరణ వచ్చింది. వైట్‌హౌస్ ప్రతినిధి కరోలిన్ లెవిట్ ఎక్స్‌లో పెట్టారు. ఇది ఏటా కట్టేది కాదు, ఒక్కసారే. ఇప్పటికే వీసా ఉండి బయట ఉన్నవాళ్లు తిరిగి రావడానికి కట్టక్కర్లేదు. రెన్యువల్స్‌కి వర్తించదు, కొత్త వీసాలకే. వలస శాఖ యూఎస్‌సీఐఎస్ మెమో కూడా వచ్చింది, సెప్టెంబరు 21 నుంచి వేసే పిటిషన్లకి మాత్రమేనట. గోదారిగట్టు గారూ, ఇంకా శంషాబాద్‌లోనే ఉంటే వెనక్కి వెళ్లిపోవచ్చు.

పల్నాటిపౌరుషం
సెప్టెంబరు 21, ఉదయం 7:20

చెప్పానా లేదా?

గోదారిగట్టు
సెప్టెంబరు 21, రాత్రి 8:45

చికాగోలో దిగి ఫోన్ ఆన్ చేస్తే ఇవన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. నేను గాల్లో ఉండగా నా లక్షా తొంభై రెండు వేలకి అర్థం లేకుండా పోయింది.

అబుదాబి లైన్ గురించి చెప్పాలి. నా ముందు ఒకమ్మాయి, నెలన్నర బాబుతో. బాబుకి పాస్‌పోర్టు ఉంది, వీసా లేదు. వాడిని వాళ్ల అమ్మమ్మకి అప్పజెప్పి వద్దామా అని రాత్రంతా ఆలోచించి, చివరికి ఇద్దరూ వచ్చేశారు, ఏదైతే అదవుతుందని. బాబుని ఎక్కనివ్వలేదు. ఆమె ఏడవలేదు. కౌంటర్ పక్కన కూర్చుని డైపర్ మార్చి, మొగుడికి ఫోన్ చేసి మామూలు గొంతుతో "మేం వెనక్కి పోతున్నాం" అంది. ఆఫీసరు నన్ను అడిగింది ఒక్క ప్రశ్న, ఎందుకు వెళ్లావని. నాన్న సంవత్సరీకం అని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో ఆ నిమిషంలో తోచలేదు. ఫ్యామిలీ ఫంక్షన్ అన్నాను. గేటు దగ్గర గారెల పొట్లం విప్పితే ముక్కూమొహం తెలియని నలుగురం తిన్నాం. ఇద్దరిది నిజామాబాద్, ఒకాయనది నెల్లూరు.

పల్నాటి గారూ, మీరు చెప్పిందే నిజమైంది, ఒప్పుకుంటున్నా. కానీ ఆ ముప్పై గంటలు మా ఇంట్లో ఎలా గడిచాయో మీకు తెలీదు. రూలు ఏమిటన్నది సంతకం పెట్టిన రోజు మంత్రికే తెలియనప్పుడు అమలాపురంలో ఉన్న నాకెలా తెలుస్తుంది?

డల్లాస్‌బాబాయ్
సెప్టెంబరు 22, ఉదయం 9:10

నన్ను తిట్టేవాళ్లు తిట్టొచ్చు. కిందటేడు నేను ట్రంప్‌కే ఓటేశాను. ఇప్పుడు కూడా పూర్తిగా పశ్చాత్తాపం లేదు. నా మాట వినండి.

నేను 1998లో వై2కె పని మీద వచ్చాను. న్యూజెర్సీలో ఒక గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందిమి, ఒక రైస్ కుక్కర్. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్న రెండున్నర నెలలు జీతం ఇవ్వలేదు మా ఎంప్లాయర్, వాడూ మనవాడే. ఆ రోజుల్లో కోటా 65 వేలు. చాలట్లేదని 1,15,000 చేశారు, 2001 నుంచి మూడేళ్లు 1,95,000. 2004లో మళ్లీ 65 వేలకి దింపి, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ల కోసం ఇంకో 20 వేలు కలిపారు. ఇప్పటికీ అదే 85 వేలు. క్లింటన్, బుష్, ఒబామా, బైడెన్ అందరూ చూస్తూ ఊరుకున్నారు. ఈ గొడవ ట్రంప్ కనిపెట్టింది కాదు.

2023 లాటరీ గుర్తుందా? ఏడు లక్షల ఎనభై వేల రిజిస్ట్రేషన్లు. అంతమంది మనుషులు కాదు, ఒకే కుర్రాడికి నాలుగైదు కన్సల్టెన్సీలు కూడబలుక్కుని వేశాయి. పది డాలర్లే కదా రిజిస్ట్రేషన్ అని. నిజాయితీగా ఒక్కటే వేసుకున్న మన పిల్లల అవకాశం తిన్నది ఎవరు? మరుసటి ఏడాది మనిషికి ఒక్కటే లెక్క అన్నాక సంఖ్య పడిపోయింది, ఫీజు 215 డాలర్లు చేశాక ఇంకా పడింది. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. లక్ష డాలర్లు మొరటు మందే. కానీ రోగం లేదని మాత్రం అనకండి.

మిరపకాయ
సెప్టెంబరు 22, మధ్యాహ్నం 12:25

బాబాయ్, రోగం ఉందని నేనూ ఒప్పుకుంటా. కానీ మీరు నిచ్చెనెక్కి పైకి చేరాక, కింద ఉన్నవాడికి నిచ్చెన అద్దె 88 లక్షలంటే మొరటు మందు అని సరిపెడతారా? మీ ఎంప్లాయర్ మీ జీతం ఎగ్గొట్టాడు. పద్ధతైతే ఎంప్లాయర్‌ని పట్టుకోవాలి. ఇక్కడ పట్టుకుంది రాణి లాంటి వాళ్లని.

ఆ సంతకాల వరుస కూడా చూడండి. అదే రోజు గోల్డ్ కార్డుకీ సంతకం పెట్టాడు, పది లక్షల డాలర్లు ఇస్తే గ్రీన్ కార్డు దారి. మనం 2013 ప్రయారిటీ డేట్ దగ్గర లైన్లో నిలబడి ఉన్నాం, దేశానికి ఏడు శాతం అని 1990 చట్టంలో పెట్టిన లెక్క వల్ల. డబ్బున్నవాడికి వేరే గేటు. తిరుమలలో బ్రేక్ దర్శనం అలవాటైన మనకి ఇది కొత్తగా అనిపించకపోవడమే నా బాధ.

ప్రకటనలో రాసిన కారణాలు మాత్రం చదవాల్సినవే. హెచ్‌1బిల్లో ఐటీ వాటా 2003లో 32 శాతం, ఈ మధ్య ఐదేళ్లలో సగటున 65 దాటిందని, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఐదు వేల హెచ్‌1లు తెచ్చుకుంటూనే పదిహేను వేల మందిని తీసేసిందని. అమెరికా కుర్రాడికి ఇది చదివితే కడుపు మండదా? మండుతుంది. ఆ మంట కంపెనీ మీద పోకుండా మన మీదకి మళ్లించడమే రాజకీయం.

పోయిన డిసెంబరు సంగతి చూడండి. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ని ట్రంప్ ఏఐ సలహాదారుగా వేయగానే ఆయన అభిమాని లారా లూమర్ గొడవ మొదలెట్టింది. మస్క్ హెచ్‌1 కోసం యుద్ధానికైనా సిద్ధమన్నాడు, ట్రంప్ పాత సలహాదారు బానన్ మస్క్ మీద విరుచుకుపడ్డాడు. ట్రంప్ అప్పుడు "ఆ వీసాలంటే నాకెప్పుడూ ఇష్టమే" అన్నాడు. తొమ్మిది నెలలకి ఇదీ ఇష్టం. ఎవరు చివరగా గదిలోంచి బయటికొస్తే వాళ్ల మాట చెల్లుతుందనిపిస్తోంది నాకు.

డల్లాస్‌బాబాయ్
సెప్టెంబరు 22, మధ్యాహ్నం 12:50

బ్రేక్ దర్శనం దెబ్బ బాగా తగిలింది. ఇప్పుడు ఆఫీసులో ఉన్నా, సాయంత్రం రాస్తా.

(సాయంత్రం రాయలేదు. — మిరపకాయ)

నానక్‌రామ్‌గూడ
సెప్టెంబరు 23, రాత్రి 10:05

నేను 2019లో తిరిగొచ్చేశాను. ఒక అమెరికా బ్యాంకు జీసీసీలో, అంటే ఆ బ్యాంకు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులో పని చేస్తున్నా, మా కిటికీలోంచి కొత్త కాన్సులేట్ గోడ కనిపిస్తుంది. పొద్దున్నే ఫైళ్లు గుండెకి హత్తుకుని ఆ లైన్లో నిలబడే పిల్లల్ని చూస్తూ కాఫీ తాగుతాం.

నిన్న మాకు మీటింగ్ జరిగింది. వచ్చే ఏడాది డల్లాస్‌లో తీసుకోవాల్సిన పదకొండు పోస్టులు హైదరాబాద్‌కి మార్చేశారు. గంట కూడా పట్టలేదు. ఒక్క ఎక్సెల్ షీట్, అందులో ఊరి పేరు మార్చారంతే. లక్ష డాలర్లకి ఇక్కడ ఒక సీనియర్ ఇంజనీరుకి రెండేళ్ల జీతం వస్తుంది. అమెరికన్ల ఉద్యోగాలు కాపాడతానని వేసిన ఫీజు ఆ ఉద్యోగాన్ని మూటగట్టి నానక్‌రామ్‌గూడకి పార్సిల్ చేస్తోంది.

వాళ్లకీ ఇది తెలుసు. అందుకే ఒహాయో సెనేటర్ మొరేనో హైర్ యాక్ట్ అని ఇంకోటి పెట్టాడు, బయటి దేశాలకి పని పంపితే ఆ చెల్లింపు మీద 25 శాతం పన్ను. అది పాసవుతుందా అని నన్ను అడగొద్దు. పాసైతే మాత్రం నా కాఫీ కూడా చల్లారుతుంది.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. 2022 నుంచి అమెరికాలో లేఆఫ్‌లకి ఒక పన్ను రూలు కూడా కారణం. 2017 చట్టంలో సెక్షన్ 174 అని ఒక మెలిక పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల జీతాన్ని ఆ ఏడాదే ఖర్చు కింద చూపకుండా అమెరికాలో అయితే ఐదేళ్లకి, బయట అయితే పదిహేనేళ్లకి విడగొట్టి చూపాలి. 2022లో అమల్లోకి వచ్చింది. చిన్న కంపెనీల నడ్డి విరిగింది. మొన్న జులైలో ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లులో అమెరికా లోపలి పనికి అది తీసేశారు, బయటి పనికి పదిహేనేళ్లు అలాగే ఉంచారు. నిజంగా అమెరికాలో ఉద్యోగాలు పెంచే పని అది. కెమెరా లేదు, హడావుడి లేదు. లక్ష డాలర్లంటేనేమో ప్రపంచమంతా మోగింది.

పల్నాటిపౌరుషం
సెప్టెంబరు 23, రాత్రి 11:30

ఆ పెద్ద బిల్లులోనే ఇండియాకి పంపే డబ్బు మీద పన్ను అన్నారు కదా. ముందు ఐదు, తర్వాత మూడున్నర, ఆఖరికి ఒక్క శాతం. అదీ నోట్లు, మనీ ఆర్డర్లు లాంటి వాటికే, బ్యాంకు నుంచి పంపితే లేదు. అప్పుడు కూడా మా బావ భయపడి జూన్‌లోనే ఉన్నదంతా పంపేశాడు. నేను చెప్పేది అదే. ముందు అరుపు, తర్వాత చూస్తే ఏమీ ఉండదు.

నిర్వాహకుడు
సెప్టెంబరు 24, ఉదయం 8:00

డబ్బు పంపడం గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఓటు విషయంలో డల్లాస్‌బాబాయ్‌ని బూతులు తిట్టిన రెండు పోస్టులు తీసేశాను.

ఓరుగల్లు_రాణి
అక్టోబరు 21, రాత్రి 9:20

ఈ చర్చ కిందికి పోయింది, పైకి లేపుతున్నా. యూఎస్‌సీఐఎస్ నిన్న రాసింది చూసిన్రా? అమెరికాలో ఉండి స్టూడెంట్ వీసా నుంచి హెచ్‌1కి స్టేటస్ మార్చుకుంటే లక్ష కట్టక్కర్లేదట. బయటి నుంచి కొత్తగా వచ్చేవాళ్లకే. నా మేనేజర్‌కి లింక్ పంపిన, మార్చిలో మళ్లీ వేస్తామన్నడు. నెలరోజుల తర్వాత ఇవాళ సక్కగ అన్నం తిన్న.

రూల్‌బుక్
అక్టోబరు 21, రాత్రి 9:48

సంతోషం అమ్మా. కానీ ఇంకోటి వస్తోంది, ముందే చెప్తున్నా. సెప్టెంబరు 24న ప్రతిపాదన పెట్టారు. లాటరీలో ఇక అందరి చీటీ ఒకటి కాదు. జీతం లెవెల్ నాలుగైతే నాలుగు చీటీలు, మూడైతే మూడు, ఒకటైతే ఒకటి. వాళ్ల అంచనా ప్రకారమే లెవెల్ ఒకటి వాళ్లకి అవకాశం 15 శాతం చిల్లర, నాలుగు వాళ్లకి 61. నీ 78 వేలు హ్యూస్టన్‌లో ఏ లెవెల్ కిందకి వస్తుందో ముందు కనుక్కో. అదే జీతం ఒక ఊళ్లో రెండు, ఇంకో ఊళ్లో ఒకటి కావచ్చు.

ఓరుగల్లు_రాణి
అక్టోబరు 21, రాత్రి 10:02

అన్నం తినేటప్పుడే చెప్పాల్నా అన్నా?

మిరపకాయ
నవంబరు 12, ఉదయం 7:15

ఫాక్స్ టీవీలో లారా ఇంగ్రహామ్ ట్రంప్‌తో చేసిన ఇంటర్వ్యూ చూశారా? అమెరికాలో టాలెంట్ ఉంది కదా అని ఆమె అంటే, "లేదు, కొన్ని రకాల టాలెంట్ లేదు" అన్నాడు ట్రంప్. సెప్టెంబరులో జార్జియాలో హ్యుందాయ్ బ్యాటరీ ఫ్యాక్టరీ మీద దాడి చేసి కొరియా వాళ్లని గొలుసులు వేసి పట్టుకెళ్లిన సంగతి తనే ఎత్తాడు, బ్యాటరీలు చేయడం అమెరికన్లకి రాదు, నేర్పేవాళ్లు కావాలన్నట్టు. సొంత అభిమానులే ఒంటికాలి మీద లేచారు. బాబాయ్, ఇప్పుడు మీరు ఎటు?

డల్లాస్‌బాబాయ్
నవంబరు 12, రాత్రి 8:30

అటూ ఇటూ కాదు, మధ్యలో. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కంప్యూటర్ సైన్స్ చదివి మే నుంచి ఖాళీగా ఉన్నాడు. వాడితో హెచ్‌1 గురించి వాదిస్తే నా దగ్గర జవాబు లేదు. ఈ వేదికలో మీతో వాదిస్తే మీకు ఇవ్వడానికీ జవాబు లేదు.

పల్నాటిపౌరుషం
డిసెంబరు 11, ఉదయం 6:40

గుంటూరులో ఉన్నాను. అమ్మకి శుక్లాల ఆపరేషన్‌కని మూడు వారాల సెలవు పెట్టి వచ్చాను. నా పాత స్టాంపు అయిపోయింది, ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి స్టాంపు వేయించుకునే డ్రాప్‌బాక్స్ పద్ధతి సెప్టెంబరు నుంచి తీసేశారు కాబట్టి ఇంటర్వ్యూ తప్పదు. డిసెంబరు 18 హైదరాబాద్ స్లాట్, ఆగస్టులో పట్టుకున్నది. రాత్రి మెయిల్ వచ్చింది. మార్చి 30కి మార్చారట. పాత తేదీకి వస్తే గేటులోకే రానివ్వమని ఎంబసీ ఎక్స్‌లో పెట్టింది.

కారణం, 15వ తేదీ నుంచి హెచ్‌1 వాళ్లది, హెచ్‌4 మీద వచ్చే వాళ్ల కుటుంబాలది, అందరి సోషల్ మీడియా చూస్తారట, అకౌంట్లు పబ్లిక్‌గా పెట్టుకోవాలి. రోజుకి చేయగలిగే ఇంటర్వ్యూలు తగ్గాయి కాబట్టి తేదీలు జరిపేశారు. నా ఇన్‌స్టాలో ఉన్నవన్నీ బిర్యానీ ఫొటోలే. అవి చూడ్డానికి మూడున్నర నెలలు.

కంపెనీ ఇండియా నుంచి నాలుగు వారాలే పని చేయనిస్తుంది. ఆ తర్వాత జీతం లేని సెలవు. అది కూడా ఎన్నాళ్లో చెప్పలేదు.

గోదారిగట్టు
డిసెంబరు 11, ఉదయం 7:02

అయ్యో. అమ్మగారికి ఎలా ఉంది?

పల్నాటిపౌరుషం
డిసెంబరు 11, ఉదయం 7:10

బాగానే ఉంది, నల్ల కళ్లజోడు పెట్టుకుని సీరియల్ వింటోంది. నేను ఉండిపోతున్నానని ఆమెకి లోపల సంతోషం. బయటికి మాత్రం అమెరికాని శాపనార్థాలు పెడుతోంది. సెప్టెంబరులో నేను మీకు చెప్పిన మాటలన్నీ మా ఆవిడ చదివి వినిపిస్తోంది.

నానక్‌రామ్‌గూడ
డిసెంబరు 11, ఉదయం 9:30

ఫీజు పేరు చెప్తే పేపర్లో వస్తుంది, కోర్టుకి వెళ్లొచ్చు. స్లాట్ జరిపితే ఎవరి మీద కేసు వేస్తాం? మా టీమ్‌కి ఇలాంటి వాళ్లు ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు, అమెరికా జీతంతో సంబంధం లేకుండా ఏదైనా ఉందా అని. పల్నాటి గారూ, మీరూ రెజ్యూమే పంపండి.

రూల్‌బుక్
డిసెంబరు 24, ఉదయం 6:15

నిన్న ఒకేరోజు రెండు. లక్ష డాలర్ల మీద అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్ వేసిన కేసులో వాషింగ్టన్ జడ్జి బెరిల్ హోవెల్ ప్రభుత్వం వైపే తీర్పు చెప్పారు. కాలిఫోర్నియా వగైరా రాష్ట్రాల కేసు మాసచుసెట్స్‌లో ఇంకా ఉంది. రెండోది, జీతాన్ని బట్టి చీటీల రూలు ఖరారైంది, ఫిబ్రవరి 27 నుంచి అమలు. అంటే మార్చి లాటరీకే.

ఓరుగల్లు_రాణి
డిసెంబరు 24, ఉదయం 8:20

కనుక్కున్న. నాది లెవెల్ రెండు, పదిహేను వందల తేడాతో. రెండు చీటీలు. మేనేజర్‌కి దండం పెట్టాలె.

పల్నాటిపౌరుషం
డిసెంబరు 26, రాత్రి 9:40

ఇది చర్చకి సంబంధం లేదు, నిర్వాహకులు మన్నించాలి. నా అపార్ట్‌మెంట్ ఫ్రిస్కోలో ఉంది. మూడు వారాలే కదా అని బాల్కనీలో తులసి మొక్క అలాగే వదిలి వచ్చాను. బండి కూడా స్టార్ట్ చేసేవాళ్లు లేరు. దగ్గర్లో ఎవరైనా ఉంటే ఒకసారి చూస్తారా?

గోదారిగట్టు
డిసెంబరు 26, రాత్రి 9:52

మాకు ఇరవై నిమిషాల దూరం. తాళం ఎవరి దగ్గర?

పల్నాటిపౌరుషం
డిసెంబరు 26, రాత్రి 9:55

లీజింగ్ ఆఫీసులో చెప్తాను. మీ పేరు మెసేజ్ చేయండి. ఫ్రిజ్‌లో ఏమైనా ఉంటే పారేయండి, వాసన వస్తుంది.

గోదారిగట్టు
డిసెంబరు 28, ఉదయం 5:30

వెళ్లొచ్చాం. తులసి బతికే ఉంది, లోపల కిటికీ దగ్గర పెట్టి నీళ్లు పోశాం. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి బాగుందని మా ఆవిడ తెచ్చేసుకుంది. బండి స్టార్ట్ అవలేదు, బ్యాటరీ దిగిపోయింది. జంపర్ కేబుల్స్ డల్లాస్‌బాబాయ్ దగ్గర ఉన్నాయట, రేపు వస్తానన్నారు.